మా వదినను మోసిన పటాలం

ఆ రోజుల్లో నేను దేశాన్ని కాపాడటానికి అన్ని విధాలా సిద్ధంగా ఉండేవాణ్ణి. ఆ కబురు దేశానికే ఇంకా అందలేదు. పంతొమ్మిదేళ్లు నిండాయి. పన్నెండో తరగతి రెండో దెబ్బకు గట్టెక్కింది. మీసం ఒక పక్క వచ్చేసి రెండో పక్క ఇంకా ఆలోచిస్తోంది. నాట్లకు రమ్మంటే నడుం నొప్పి, దుక్కికి రమ్మంటే మోకాలి నొప్పి వచ్చే నాకు, పరుగుకు రమ్మంటే మాత్రం ఒంట్లో ఎక్కడా ఏ నొప్పీ ఉండేది కాదు. తల చుట్టూ నున్నగా గీయించుకుని, నడినెత్తిన అంగుళం జుట్టు ఉంచుకుని తిరిగేవాణ్ణి. ఫౌజులో చేరాక వాళ్లు ఎలాగూ గీస్తారు, ఆ పనేదో ముందే చేయించుకుంటే వాళ్లకు శ్రమ తప్పుతుందని నా ఉద్దేశం. ఊళ్లోవాళ్లు నన్ను 'కటింగ్' అని పిలిచేవారు. కుళ్లుకుంటున్నారనుకునేవాణ్ణి.

మా ఊరు తర్లగూడ రోడ్డు దిగి లోపలికి నాలుగు కిలోమీటర్లు. మధ్యలో ఒక వాగు. ఇంట్లో తెలుగు, అంగట్లో హిందీ, పొలంలో పక్క చేనువాళ్లతో దోర్లీ, ఎద్దులతో మూడూ కలిపి మాట్లాడతాం. బస్తర్ అనగానే బయటివాళ్లు కళ్లు పెద్దవి చేసి ఒకే రకం కథ అడుగుతారు. ఆ కథలు చెప్పడానికి వేరే మనుషులున్నారు. నేను చెప్పబోయేది ఒక నులకమంచం గురించి, దాన్ని మోసిన నలుగురి గురించి, మోయించిన మా ఫౌజీ మామ గురించి.

ఆయన నాకు వేలువిడిచిన మేనమామ. కానీ వరసతో పనిలేకుండా ఊరందరికీ ఫౌజీ మామే. (మా వదిన వరస ప్రకారం చిన్నాయన అనాలి. ఆమె కూడా మామ అనే అనేది. కాకపోతే ఆమె నోట ఆ మాట, కచేరీలో ముద్దాయి పేరు పిలిచినట్టు వినిపించేది.) పదిహేడేళ్లు ఫౌజులో మంచుకొండల మీద లారీ నడిపి వచ్చాడు. "నేను తుపాకీ పట్టింది తక్కువ, స్టీరింగు పట్టింది ఎక్కువ" అని ఆయనే నిజం చెప్పేవాడు. ఊళ్లోవాళ్లు నమ్మేవారు కాదు. గొప్పవాళ్లు అలాగే తగ్గించి చెప్పుకుంటారు అనుకునేవారు. వచ్చేటప్పుడు ఒక నల్ల ట్రంకుపెట్టె, ఒక ఈల, లోకంలో ఏ ఇబ్బంది వచ్చినా అది మనుషులు వరసలో నిలబడకపోవడం వల్లే వచ్చిందన్న నమ్మకం వెంట తెచ్చుకున్నాడు. మూడెకరాల పొలంలో తాడు కట్టి, ఆ తాడు వెంట నాట్లు వేయించేవాడు. ఒక మొక్క పక్కకు జరిగితే తీయించి మళ్లీ పెట్టించేవాడు. "ఏంది మామా, ఈ వరి కోతకు పోతదా, పరేడుకు పోతదా?" అని నాటేసే ఆడవాళ్లు నవ్వేవారు. ఎద్దుల పేర్లు 'దాయే', 'బాయే'. అంటే కుడి, ఎడమ. ఒకసారి అంగట్లో పొరపాటున వాటిని అటూ ఇటూ మార్చి కట్టారట. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా మామ 'దాయే' అని అరవడం, ఏ ఎద్దు పలకాలో రెంటికీ తెలియకపోవడం.

ఇంత పిచ్చిలోనూ ఆయన లేకపోతే మా ఊరు ఒక్కరోజు గడిచేది కాదు. బోరింగు పాడైతే ఆ ట్రంకుపెట్టెలోంచి వాషర్ తీసుకుని వచ్చేవాడు. ఒకసారి పంచాయతీలో వార్డు పంచ్‌గా కూడా నెగ్గాడు, ఎదురు నిలబడటానికి ఎవరికీ ఓపిక లేక. ఎవరికి ఏ పని కావాలన్నా హిందీలో అర్జీ రాసిపెట్టేవాడు. 'సేవా మే, శ్రీమాన్' అని మొదలుపెట్టి మూడు పేజీలు. బ్లాకు ఆఫీసులో గుమాస్తా ఒకడు దూరం నుంచి ఆయన సైకిల్ చూసి టీ తాగడానికి వెళ్లిపోయేవాడని చెప్పుకునేవారు. ముసలివాళ్లను పెన్షన్ రోజున బ్యాంకుకు నడిపించుకుపోయేవాడు, వరసలోనే. ఈ సేవలన్నిటికీ ఆయనకు దక్కింది మా అత్త మాటలు. "ఊరి పనులన్నీ అయినంక మన ఇంటికి రమ్మని నేను గూడ ఒక అర్జీ రాసుకుంట. ఎవరి పేరు మీద రాయాలె?" అనేది.

ఆ ఏడు ఫౌజు బర్తీ ఉందని, జవాన్లను చేర్చుకుంటారని తెలిసి, మామ మా ఈడు కుర్రాళ్లను ఆరుగురిని పట్టుకున్నాడు. తెల్లవారుజామున బడి ముందు ఈల మోగేది. రోడ్డు దాకా పరుగు, మళ్లీ వెనక్కు. తరవాత గంటసేపు కవాతు. బర్తీలో కవాతు అడగరు కదా మామా అంటే ఆయనకు కోపం వచ్చేది. "పరుగు కుక్క గూడ తీస్తది. కదం కలిపి నడిచేటోడే జవాను" అనేవాడు. మాలో 'తాటి' అని ఒకడు, పేరులోనే ఉంది వాడి పొడుగు. 'బుడ్డోడు' అని ఇంకొకడు, వాడి పేరులోనూ ఉంది. 'బర్రె' అని మూడోవాడు, బలానికి. నేను సెక్షన్ కమాండర్‌ని. పరుగులో నాలుగోవాణ్ణే కానీ, అరుపులో నన్ను మించినవాడు లేడు. నాలుగు నెలలు 'ఏక్-దో-ఏక్' అని నేను అరిచిన అరుపులకు ఊళ్లో కోళ్లు కూయడం మానుకున్నాయి.

మా అన్న మాత్రం ఈ కవాతు వైపు కన్నెత్తి చూడలేదు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. పొలం, ఎద్దులు, అడవి నుంచి వెదుళ్లు మోసుకురావడం, ఇదే వాడి లోకం. మాట తక్కువ. నేను రాత్రి అన్నం ముందు కూర్చుని, "మా డ్రిల్లు సంగతి సివిలోళ్లకు అర్థం కాదులే" అనేవాణ్ణి. వాడు నవ్వి ఊరుకునేవాడు. వదిన ఊరుకునేది కాదు. "ఫౌజాయనకు ఇంకో ముద్ద పెట్టమంటవా? సివిలోళ్లు పండించిన బియ్యమే మరి, అరుగుతదో లేదో" అనేది. అలా అంటూనే పొద్దున్నే నా కోసం నానబెట్టిన శనగలు గిన్నెలో పెట్టి ఉంచేది. అప్పటికి ఆమెకు తొమ్మిదో నెల.

నాట్లు జోరుగా సాగుతున్న రోజులు. మూడు రోజులుగా విడవకుండా వాన. ఆ పొద్దున వదినకు నొప్పులు మొదలయ్యాయి, చెప్పిన రోజుకు పది రోజుల ముందే. ఊళ్లో ఆరోగ్యం చూసే మితానిన్ అక్క వచ్చి కాళ్ల వాపు నొక్కి చూసి, ముఖం మార్చుకుంది. "బీపీ ఎక్కువుందని డాక్టరమ్మ పోయిన నెలనే చెప్పింది. ఇంట్లో వద్దు. అస్పతాల్‌కు తీస్కపోవాలె, ఇప్పుడే" అంది. మా ఊళ్లో సిగ్నల్ దొరకాలంటే ఫౌజీ మామ చేలో ఉన్న మంచె ఎక్కాలి. అది కూడా సరిహద్దు ఏటి అవతలి తెలంగాణ సిగ్నల్, గాలిని బట్టి వస్తుంది. అన్న పరుగున వెళ్లి మంచె ఎక్కి ఫోన్ చేశాడు. అంబులెన్సు రోడ్డు దాకా వస్తుందట. వాగు దాటి లోపలికి రాదు, రాలేదు. అన్న మంచె దిగేసరికి కింద మామ నిలబడి ఉన్నాడు, మోకాళ్ల దాకా బురద, భుజం మీద నాట్ల తాడు చుట్ట. విషయం వినగానే ఈల తీశాడట.

ఆ ఈల విన్నప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. లోపల వదిన మూలుగుతోంది, అమ్మ ఏడుస్తోంది, నా మనసులో మాత్రం 'వచ్చింది, మన పటాలానికి మొదటి పని వచ్చింది' అన్న సంబరం. మా ఆరుగురిలో ఇద్దరు పెళ్లికని పొరుగూరు పోయారు. మిగిలిన నలుగురం బురదలో సావధాన్‌గా నిలబడ్డాం. మామ మా నులకమంచానికి పొడుగునా రెండు వెదుళ్లు కట్టించాడు. పైన వంచిన పుల్లల మీద ప్లాస్టిక్ పరదా కప్పించాడు. పది నిమిషాల్లో అంతా సిద్ధం. చూడముచ్చటగా ఉంది. వదిన గడప దాకా వచ్చి దాన్ని చూసి ఆగిపోయింది.

"మంచం మీద ఊరు దాటేది శవాలు. నేను నడిచి వస్త" అంది.

"ఇది మంచం కాదమ్మా" అన్నాడు మామ. "స్ట్రెచర్."

"నాలుగు కోళ్లు కనబడుతున్నయ్ మామా."

"కోళ్లుంటే ఏంది? లారీకి చక్రాలుండవా?" అన్నాడు మామ. ఆ తర్కం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. అంతలో ఇంకో నొప్పి వచ్చి వదిన వాదన ఆపేసింది. "తల ముందుకు పెట్టుండ్రి, శవం లెక్క కాళ్లు ముందుకు పెడితే నేను దిగి పోత" అని మాత్రం గట్టిగా చెప్పి పడుకుంది. మితానిన్ అక్క గొడుగు పట్టుకుంది. అన్న బట్టల మూట ఎత్తుకున్నాడు. మామ నడిబజారులో నిలబడి, ఫౌజులో మనుషులను వరసలో పెట్టే మొదటి ఆజ్ఞ ఇచ్చాడు. "లంబా దాయే, ఛోటా బాయే!" పొడుగువాళ్లు కుడికి, పొట్టివాళ్లు ఎడమకు. నాలుగు నెలలు నేర్చిన పాఠం. తాటి, బర్రె కుడి వెదురు పట్టారు. బుడ్డోడు, నేను ఎడమ వెదురు పట్టాం. నాది ముందువైపు, అంటే వదిన తల పక్కనే. "ఉఠావ్!" అన్నాడు మామ. ఎత్తాం.

కుడిపక్క మంచం ఆకాశంలోకి లేచింది, ఎడమపక్క మా భుజాల దగ్గరే ఉండిపోయింది. వదిన జరజరా జారి వచ్చి నా చెవిలో "చంపుతర్రా నన్ను!" అంది. మామ ఒక్క క్షణం చూసి, "కుడి కొంచెం కిందికి!" అన్నాడు. తాటి, బర్రె మోకాళ్లు వంచారు. మోకాళ్లు వంచి నాలుగు కిలోమీటర్లు ఎవడు నడుస్తాడని ఆలోచించే పరిస్థితి కాదు. "తేజ్ చల్!" అన్నాడు. నేను గొంతెత్తి "ఏక్-దో-ఏక్" మొదలుపెట్టాను.

కదం కలిసింది. ఆ నాలుగు నెలల్లో అంత బాగా ఎప్పుడూ కలవలేదు. నాలుగు కుడికాళ్లు ఒక్కసారి, నాలుగు ఎడమకాళ్లు ఒక్కసారి. కానీ ఒక చిన్న సంగతి మాకెవ్వరికీ తట్టలేదు. నాలుగు భుజాలు ఒక్కసారే లేచి ఒక్కసారే దిగితే, మధ్యలో ఉన్న మంచం ఏం చేస్తుంది? ఉయ్యాల ఊగుతుంది. మేం ఎంత చక్కగా నడిస్తే అది అంత ఎత్తుకు ఊగింది. వెదుళ్లు వంగి లేస్తున్నాయి. వదిన ఒకసారి పరదాకు తగిలి, ఒకసారి నులకలో కూరుకుపోతోంది. "ఆపుండ్రి, కడుపులో తిప్పుతాంది" అంది. మామ మా పక్కన నడుస్తూ కాళ్లు చూశాడు. తప్పు ఎక్కడుందో ఆయనకు తెలిసిపోయింది. "కదం సరిగ్గ కలుస్తలేదు! గట్టిగ పిలువు కమాండర్!" నేను గట్టిగా పిలిచాను. ఇంకా బాగా కలిసింది. ఇంకా బాగా ఊగింది. వదిన పొద్దున తిన్నదంతా, తాగిన టీతో సహా, నా కాలర్ లోపలికి వచ్చింది.

అప్పటికైనా ఆగాలి కదా. మామ "థమ్" అన్నాడు. ఇక్కడ ఒక వివరం చెప్పాలి. కవాతులో ఆగమంటే మామూలుగా ఆగిపోకూడదు. 'ఏక్-దో' అని కాలు ఎత్తి నేలకేసి కొట్టి ఆగాలి. మాకు అలాగే నేర్పాడు. మేం అలాగే కొట్టాం, నలుగురం, బురదలో, ప్రాణం పెట్టి. మంచం మీద వదిన జానెడు ఎత్తు లేచి పడింది.

"ఎవడ్రా కాళ్లు కొట్టింది!"

ఆ కేక వాగు అవతల ఉన్నవాళ్లకు కూడా వినపడిందని తరవాత చెప్పారు. కింద దించమంది. దించాం. పరదా పక్కకు తోసి మోచేతి మీద లేచి కూర్చుంది. జుట్టంతా ముఖం మీద, ముఖమంతా చెమట. మా నలుగురినీ కాదు, మామను చూసింది.

"మామా, నువ్వు ఇప్పటిదాంక ఎన్ని మంచాలు మోసినవ్?"

మామ ఈలను చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"ఒక్కటన్న మోసినవా?"

"లేదమ్మా" అన్నాడు మామ. "లారీలో ఎక్కించిన. మొయ్యలే."

"మోసినోడు ఎవడన్న ఉన్నడా ఈడ?"

మా నలుగురి చూపులూ బురదలోకి దిగాయి. మూట పట్టుకుని వెనక నిలబడిన మా అన్న, తప్పు చేసినవాడిలా అన్నాడు: "వెదుళ్ల కట్ట మోసేటప్పుడు ముందోళ్ల అడుగు, ఎనకోళ్ల అడుగు కలవనియ్యం. కలిస్తే ఊగుతది. ముందోడు కుడికాలు ఏస్తే ఎనకోడు ఎడమ ఏస్తడు."

"నీకు తెలిసి ఇంతదూరం ఎందుకు చెప్పలే?" అంది వదిన.

"ఫౌజోళ్లు కదా, వాళ్లది వాళ్లకు తెలుసనుకున్న" అన్నాడు అన్న. వెటకారం లేదు. నిజంగానే అలా అనుకున్నాడు. అందుకే నాకు ఇప్పటికీ ఆ మాట గుచ్చుకుంటుంది.

వానలో మామ అలా నిలబడిపోయాడు. పదిహేడేళ్లు ఆయన నేర్చుకున్నదీ, నాలుగు నెలలు మాకు నేర్పిందీ ఒక వైపు. వెదుళ్లు మోసే నా అన్న ఒక వైపు. ఈలను జేబులో వేసుకున్నాడు. "ఆర్డర్ క్యాన్సిల్. ఇగ నువ్వే చెప్పు నాయినా, ఎట్ల చెయ్యాలె?" అన్నాడు మా అన్నతో. ఎంత పెద్ద మాటో అప్పుడు నాకు తెలియలేదు. కమాండర్‌ని నేనుండగా సివిలోణ్ణి అడుగుతాడేమిటని ఉక్రోషం మాత్రం వచ్చింది.

అన్న పొడుగువాళ్లిద్దరినీ వెనక్కు పంపి, నన్నూ బుడ్డోణ్ణీ ముందు పెట్టాడు. ఎవరి కాలు ఎప్పుడు కదలాలో చెప్పి, నిదానంగా నడవమన్నాడు. అద్భుతం. మంచం నీళ్ల మీద తెప్పలా సాగింది. వదిన కళ్లు మూసుకుంది. అంతా బాగుంది అనుకునేలోపు మళ్లీ ఊగడం మొదలైంది. ఆగి చూశారు. కలిసినవి నా కాళ్లు. నాలుగు నెలల 'ఏక్-దో' నా ఒంట్లో ఎంతగా దిగిపోయిందంటే, వెనక నుంచి అడుగు చప్పుడు వినగానే నా కాలు తనంతట తాను వెళ్లి దానితో కలిసిపోతోంది. కింద చూసుకుంటూ నడిచాను, నాలుక కరుచుకుని నడిచాను, లోపల లెక్క తప్పించుకుంటూ నడిచాను. లాభం లేదు. మూడోసారి ఆగినప్పుడు అన్న నా వీపు మీద చెయ్యి వేసి, "నువ్వు పక్కకు రా తమ్మీ" అన్నాడు. నా జాగాలో తాను దూరాడు. పక్కనున్న బుడ్డోడి భుజం మీద గోనెసంచి నాలుగు మడతలు పెట్టించి ఎత్తు సరిచేశాడు. సెక్షన్ కమాండర్‌కి బట్టల మూట, వదిన చెప్పులు మోసే పని పడింది. ఆ చెప్పుల జత రెండు చేతుల్లో పట్టుకుని, వానలో, కాలర్‌లో వదిన టీతో, నేను వెనక నడిచాను. (చెప్పులు మోస్తూ కూడా నా కాళ్లు తాటిగాడి కాళ్లతో కలిసే నడిచాయి.)

వాగు దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ నవ్వు మిగల్లేదు. నీళ్లు ఎర్రగా, నడుం లోతున, చెత్తా కొమ్మలూ మోసుకుని పోతున్నాయి. అవతలి గట్టు మీద నుంచి ఒక కిలోమీటరు నడిస్తే రోడ్డు. మితానిన్ అక్క వదిన చెయ్యి పట్టి చూసి, తగ్గిందాకా ఆగే టైం లేదని కళ్లతోనే చెప్పింది. మామ భుజం మీది తాడు తీశాడు. నాట్లకు కట్టే తాడే. ఒక కొస గట్టు మీది మద్దిచెట్టుకు కట్టి, రెండో కొస తన నడుముకు చుట్టుకున్నాడు. తాటి తాను పోతానన్నాడు. "నీకు బర్తీ ఉంది. నాది అయిపోయింది" అని మామ కర్ర పొడుచుకుంటూ నీళ్లలోకి దిగాడు. నడి వాగులో కాలు జారి మెడ దాకా మునిగాడు. మేం అందరం ఒక్కసారి అరిచాం. తల పైకి వచ్చింది, టోపీ పోయింది. అవతలికి చేరి తాడు బిగించి చెట్టుకు కట్టి, మళ్లీ ఆ తాడు పట్టుకుని వెనక్కి వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఒడ్డు ఎక్కి ఒక్క నిమిషం వంగి ఊపిరి పీల్చుకుని, "ఎవ్వడూ హీరో కావద్దు. ఒక కాలు కుదిరినంకనే రెండో కాలు" అన్నాడు. ఆ మాటలో ఫౌజీ లేడు. నెత్తిన మూటతో వాగులు దాటుతూ పెరిగిన మా ఊరి మనిషే ఉన్నాడు.

మంచాన్ని భుజాల కంటే పైకి ఎత్తి నలుగురూ దిగారు. చెప్పులు మూటలో దోపి, మూట వీపున కట్టుకుని, ప్రవాహం వచ్చే వైపు నేను తాడునూ వెదురునూ పట్టుకున్నాను. దిగువ వైపు మామ. పొద్దుటి నుంచి తిడుతూనే ఉన్న వదిన ఆ నీళ్ల మీద ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తిట్లు లేకపోయేసరికి నాకు మొదటిసారి భయం వేసింది. 'వదినా, ఏమన్నా అను' అన్నాను. ఆమె చెయ్యి చాపి నా జుట్టు పట్టుకోబోయింది. పట్టుకోవడానికి జుట్టు ఏది? చెవి దొరికింది. వాగు దాటేంతవరకు ఆ చెవి వదల్లేదు. నొప్పి వచ్చినప్పుడల్లా మెలిపెట్టింది. ఆమె పడుతున్న నొప్పిలో నా వాటా అది.

రోడ్డు మీద అంబులెన్సు ఉంది. డ్రైవర్ పాటలు వింటున్నాడు. మా గుంపును చూసి దిగి వచ్చి, కాలర్ నిండా కక్కు, కందగడ్డలా వాచిన చెవి, చేతిలో మళ్లీ చెప్పులతో ఉన్న నన్ను పట్టుకుని, "మరీజ్, పేషెంటు, ఇతనేనా?" అన్నాడు. మంచం మీది నుంచి చాలాసేపటికి వదిన గొంతు వినిపించింది. "వాడు తరవాత. ముందు నన్ను ఎక్కించు."

భోపాల్‌పట్నం అస్పతాల్‌లో సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. ఇంకొంచెం ఆలస్యమైతే తల్లికి గండమయ్యేదని నర్సు అన్నది. మామ అంతసేపూ వరండాలో తడిబట్టలతో నిలబడే ఉన్నాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. చీకటి పడక ముందు వదిన పిలిపిస్తే లోపలికి వెళ్లాడు. మంచం కాళ్ల దగ్గర నిటారుగా నిలబడి, "తప్పు నాదే అమ్మా" అన్నాడు. జీవితంలో ఆయన ఆ మాట అనడం మా అత్త కూడా వినలేదట. వదిన పిల్లను ఆయన చేతుల్లో పెట్టించింది.

"వాగుకాడ నువ్వు లేకపోతే మేమిద్దరం లేము మామా. ఎత్తుకో. కానీ ఒక్క మాట. ఈ పిల్లకు నడక వచ్చేటప్పుడు మాత్రం నువ్వు నేర్పకు."

మామ మీసాల కింద నవ్వు వచ్చింది. పిల్ల ఆయన తడి చొక్కాను ఇంకొంచెం తడిపింది.

ఆ తరవాతి ఆదివారం మళ్లీ ఈల మోగింది. బడి ముందుకు వెళ్లి చూస్తే మంచం ఉంది. దాని మీద రెండు వడ్ల బస్తాలు, బస్తాల మీద నిండా నీళ్లు పోసిన కుండ. పక్కన మా అన్న సిగ్గుపడుతూ నిలబడి ఉన్నాడు. "ఇయ్యాల్టి నుంచి ఉస్తాదు ఈయన" అన్నాడు మామ. నీళ్లు చిందితే మళ్లీ మొదటి నుంచి నడవాలి. మామ కూడా మా అందరితో పాటు వెదురు కిందకు భుజం పెట్టాడు, అన్న తిడితే తలూపాడు. (తిట్టడం అన్నకు చేతకాదు. 'ఇంకోసారి చూద్దామా' అనేవాడు.) అందరికంటే ఆలస్యంగా నేర్చుకున్నది నేనే. చలికాలం వచ్చేదాకా పట్టింది. కానీ నేర్చుకున్నాను. ఆ తరవాత ఎన్నో వానకాలాలు ఆ మంచం మీద ఎందరినో రోడ్డు దాకా చేర్చాం. కాలు విరిగినవాళ్లు, పాము కరిచినవాళ్లు, జ్వరంతో సోలిపోయినవాళ్లు. ఒక్కరూ మమ్మల్ని తిట్టలేదు. కొందరు దారిలో నిద్రపోయారు.

ఈ మధ్యలో బర్తీ వచ్చింది. పరుగులో నాలుగు అడుగుల దూరంలో గీత ఉండగానే, టైం అయిపోయిందని వాళ్లు తాడు అడ్డం పట్టేశారు. నాలుగు అడుగులు. తాటి ఒక్కడు నెగ్గాడు. నేను ముఖం చూపించలేక రెండు రోజులు చేలోనే పడుకుంటే, మామ వచ్చి నా పక్కన గట్టు మీద కూర్చున్నాడు. మడి వైపు చూసి, "కలుపు బాగ పెరిగింది" అని పీకడం మొదలుపెట్టాడు. నేనూ పీకాను. సాయంత్రం అయ్యేసరికి మడి శుభ్రమైంది, నాకు ఆకలేసింది.

జనవరి ఇరవై ఆరుకు బ్లాకులో పరేడ్. మా ఊరి కుర్రాళ్లను కూడా నడిపిస్తానని మామ అర్జీ పెట్టి (మూడు పేజీలు) అనుమతి తెచ్చాడు. తెల్ల చొక్కాలు, కాన్వాసు బూట్లు. వేదిక మీద పెద్దమనుషులు, కుర్చీల్లో ఆఫీసర్లు, చుట్టూ జనం. ఎవరెవరో కదం కలిపి గట్టిగా నడిచి పోయారు. మా వంతు వచ్చింది. మామ ముందు, ఛాతీ విరుచుకుని. వెనక మేము. వేదిక దగ్గరికి వచ్చేసరికి జనంలోంచి నవ్వులు మొదలయ్యాయి. ఏమిటా అని కిందికి చూసుకుంటే, ముందు వరస కుడికాలు వేస్తుంటే వెనక వరస ఎడమకాలు వేస్తోంది. నెలల తరబడి కుండలో నీళ్లు చిందకుండా నడిచిన కాళ్లు. సరిచేసుకుందామని ఒకరినొకరు చూసుకున్నాం. కుదరలేదు. భుజాలు మాత్రం చూడాలి, ఒక్కటి కూడా కదలడం లేదు, పళ్లెంలో పెట్టి మోసుకెళ్తున్నట్టు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది. మామ వెనక్కి తిరిగి చూడలేదు. చప్పుడు వింటే తెలియదా ఆయనకు? తెలుసు. మెడ తిప్పి సెల్యూట్ కొట్టాడు, ముఖంలో ఏ తొట్రుపాటూ లేకుండా.

అయిపోయాక ఒక ఆఫీసరు పిలిచి నవ్వుతూ హిందీలో అడిగాడు. "ఇది ఏం నడకయ్యా హవల్దార్ సాబ్? ఫౌజులో ఇలాంటిది మేం చూడలేదే?"

మామ మడమలు కలిపి నిలబడ్డాడు.

"అస్పతాల్ నడక సాబ్" అన్నాడు. "పేషెంట్ మేలుకోకుండ నడిచేది."

ఆయనకు అర్థం అయిందో లేదో, తలూపి అందరితో పాటు మాకూ లడ్డూలు ఇప్పించాడు. మామ తన లడ్డూ తినలేదు, కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు, మా వదిన కూతురికని. ఆమెకు అప్పటికి పళ్లు కూడా రాలేదు.

ఇప్పుడు ఆ వాగు మీద వంతెన వచ్చింది. అంబులెన్సు ఇళ్ల ముందుకు వచ్చి హారన్ కొడుతుంది. మంచం అవసరం తీరిపోయింది, తీరిపోవడమే మంచిది. నేను నాలుగెకరాలు చేస్తున్నాను, మిర్చి, వరి. ఆ పంతొమ్మిదేళ్ల కమాండర్‌ని తలుచుకుంటే నవ్వూ వస్తుంది, వాడి చేతిలోంచి ఆ చెప్పుల జత అందుకుని 'ఇటివ్వు, నేను పట్టుకుంటాలే' అనాలనీ అనిపిస్తుంది. ఆదివారం అంగడికి పోయేటప్పుడు నా భార్య నడిరోడ్డు మీద ఆగి నడుం మీద చెయ్యి పెట్టుకుంటుంది. "పెళ్లయ్యి ఇన్నేళ్లయింది, నాతోటి కలిసి ఒక్క అడుగు ఏస్తవా నువ్వు?" అంటుంది. వేస్తానంటాను, వేస్తాను కూడా. కొంతదూరం పోయేసరికి నా కాలు తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. ఆమె కోపంగా ముందుకు నడిచిపోతుంది. నేను సంచీ భుజం మీద సర్దుకుని, ఏమీ చిందకుండా, వెనకే పోతుంటాను.